రెగే ప్రభావం అమెరికన్ రాక్ మీద నిజంగా ఉందా, లేక అంతా బాబ్ మార్లీ టీషర్టులేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది కదా: "అమెరికన్ రాక్, పాప్ మీద రెగే ప్రభావం చాలా ఉందని అంటారు. నేను వినే పాటల్లో నాకెక్కడా కనబడలేదు. మార్లీ పేరు తప్ప అసలు సరుకేమైనా ఉందా? ఉంటే మా కాలేజీ బ్యాండ్ ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఉంది. (రెగే అంటే కరీబియన్ దీవి జమైకాలో పుట్టిన సంగీతం, అందులో అందరికన్నా పేరున్న గాయకుడు బాబ్ మార్లీ.) మీరు ఇప్పటికే వినేశారు కూడా. మన ఇంజినీరింగ్ హాస్టళ్లలో గిటార్ పట్టిన ప్రతివాడూ మొదటి సెమిస్టర్ అయ్యేలోపు మొదలుపెట్టే పాట ఒకటుంది, ఈగిల్స్ వాళ్ల 'హోటల్ కాలిఫోర్నియా'. డాన్ ఫెల్డర్ ఆ ట్యూన్‌కి డెమో టేప్ చేసి తోటివాళ్లకు ఇచ్చాడు. అప్పటికి దానికి మాటలు లేవు, పేరూ లేదు. వాళ్లలో వాళ్లు దాన్ని పిలుచుకున్నది 'మెక్సికన్ రెగే' అని. 1977లో అమెరికాలో నంబర్ వన్ అయిన పాట అది. చివరి రెండు గిటార్ల సోలో కోసం మనం చెవి కోసుకుంటాం కాబట్టి కింద ఏం జరుగుతోందో పట్టించుకోం. ఈసారి సోలో సంగతి మర్చిపోయి, పాడుతున్నంతసేపూ రిథమ్ గిటార్, బేస్ మాత్రమే వినండి. గిటార్ ఎక్కడ కొడుతోంది, బేస్ ఎక్కడ ఆగుతోంది అని చూడండి. రాక్ పాటల్లో మీకు అలవాటైన చోట్ల కాదు.

నా సంగతి రెండు ముక్కల్లో. నాది గుంటూరు. ఉద్యోగం మీద వెళ్లి అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్ దగ్గర కొన్నేళ్లు ఉన్నాను. ఇన్సూరెన్స్ కంపెనీల ఊరు కాబట్టి ప్రాజెక్టుల మీద వచ్చిన మనవాళ్లు అక్కడ బోలెడుమంది. జమైకావాళ్లు కూడా అంతే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కనెక్టికట్ లోయలోని పొగాకు తోటల్లో కూలికి వచ్చినవాళ్లతో వాళ్ల వలస ఊపందుకుంది. (పొగాకు తోటల్లో పని అంటే ఏమిటో గుంటూరువాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.) ఆల్బనీ అవెన్యూలో వాళ్ల బేకరీలు, సెలూన్లు, సరుకుల కొట్లు. అక్కడే ఒక చిన్న పాత రికార్డుల షాపు ఉండేది. శనివారాలు నేను అక్కడ తచ్చాడేవాణ్ణి. ఆదివారాలు మా ఆఫీసు స్నేహితుల బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించేవాణ్ణి. ఈ రెండు చోట్లా నాకు తెలిసిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు దరువు సంగతి. ఇది పట్టుకోకపోతే మిగతాదంతా పేర్ల చిట్టాలా కనిపిస్తుంది. మామూలు రాక్ పాటకి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్క పెడితే, ఒకటి మీద కాలితో కొట్టే పెద్ద డ్రమ్ 'ధమ్' అంటుంది, రెండు, నాలుగు మీద స్నేర్ (పుల్లతో కొడితే 'టప్' మనే చిన్న డ్రమ్) పడుతుంది. రెగేలో 'వన్ డ్రాప్' అనే వాయింపు ఉంది. అందులో ఒకటి మీద పెద్ద డ్రమ్ ఉండదు, స్నేర్ ఉండదు. మూడు మీద రెండూ కలిసి పడతాయి. గిటార్ రెండు, నాలుగు మీద 'చక్' మని వచ్చి వెంటనే నోరు మూసుకుంటుంది. ఆర్గాన్ ఆ సందుల్లో బుడబుడలాడుతుంది. పాటలో సగం బరువు బేస్ మోస్తుంది. కర్ణాటక సంగీతం కాస్త నేర్చుకున్నవాళ్లకి సమం (తాళంలో మొదటి దెబ్బ) దాటాక ఎత్తుకునే కృతులు తెలిసే ఉంటాయి. అయితే అక్కడ గాయకుడు ఆగినా చెయ్యి మాత్రం సమం మీద తాళం వేస్తూనే ఉంటుంది. వన్ డ్రాప్‌లో ఆ చెయ్యిని కూడా తీసేశారు.

చదవడానికి తేలిక. వాయించబోతే నరకం కనిపిస్తుంది. మా బ్యాండ్ డ్రమ్మర్ కర్నూలు కుర్రాడు, మెటల్ పిచ్చి. మార్లీ బ్యాండ్ వైలర్స్ వాళ్ల 'స్టిర్ ఇట్ అప్' మొదలుపెట్టాం. మూడే కార్డ్‌లు, నెమ్మదైన పాట, ఇందులో ఏముందిలే అనుకున్నాం. నాలుగు లైన్లు వెళ్లేసరికి వాడి కుడికాలు దానంతట అదే ఒకటి మీద పడిపోయేది. పడగానే పాట పెళ్లి ఆర్కెస్ట్రా అయిపోయేది. ఈ గోల రికార్డుల షాపు పెద్దాయనకి చెబితే ఆయన నవ్వి, "ఆ అబ్బాయికి డ్రమ్స్ ఎలా కొట్టాలో చెప్పకండి, పెడల్ మీద నుంచి కాలు తీసెయ్యమనండి" అన్నాడు. అలాగే చేశాం. కుడికాలు నేల మీద. చేతులతో హై-హ్యాట్ (జంట తాళాలు), మూడు మీద స్నేర్ అంచు దెబ్బ, అంతే. కొన్ని వారాలు అలా నడిచాక పెడల్ తిరిగి ఇచ్చాం, మూడు మీద తప్ప వాడకూడదనే షరతు మీద. అప్పుడు తెలిసింది నాకు బేస్ అంటే ఏమిటో. ఒకటి దగ్గర డ్రమ్ లేకపోతే నేను వేసే ప్రతి నోటూ వినబడుతుంది, నేను వేయని చోటు కూడా వినబడుతుంది. వైలర్స్‌లో ఈ పని చేసింది అన్నదమ్ములు. ఆస్టన్ 'ఫ్యామిలీ మ్యాన్' బారెట్ బేస్, తమ్ముడు కార్ల్‌టన్ బారెట్ డ్రమ్స్.

నా వాదన కూడా ఇదే. అమెరికన్ రాక్‌వాళ్లు రెగే నుంచి గిటార్ 'చక్' చప్పుడు వెంటనే పట్టేసుకున్నారు. ఒకటి మీద వదిలే ఆ ఖాళీ మాత్రం చాలా కాలానికి గానీ వంటబట్టలేదు. దాన్ని బాగా పట్టుకున్నవాళ్లు రాక్‌వాళ్లలో కన్నా బయటే ఎక్కువ.

అసలు ఈ సంగీతమే అమెరికా సరుకుతో మొదలైంది. 1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్ జనం రేడియోలో మయామి, న్యూ ఆర్లీన్స్ స్టేషన్లు పట్టుకుని రిథమ్ అండ్ బ్లూస్ (ఆర్ అండ్ బి, నల్లజాతి అమెరికన్ల పాటలు) వినేవారు. న్యూ ఆర్లీన్స్ గాయకుడు ఫ్యాట్స్ డొమినో అంటే పడిచచ్చేవారు. పెద్ద పెద్ద స్పీకర్లు వీధిలో పెట్టి రికార్డులతో డాన్సులు నడిపే 'సౌండ్ సిస్టమ్' యజమానులు కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్ అమెరికా రికార్డుల కోసం పోటీ పడేవారు. తమ దగ్గరున్న హిట్ పాట పేరు పక్కవాడికి తెలియకుండా లేబుల్ గీకేసేవారు కూడా. అమెరికాలో ఆ తరహా రికార్డులు తగ్గిపోయేసరికి సొంతంగా చేయడం మొదలుపెట్టారు. అలా స్కా వచ్చింది, 1966 ప్రాంతంలో అది నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, 1968కి రెగే. అంటే అమెరికా అప్పిచ్చిన పాట వడ్డీతో తిరిగొచ్చింది.

తిరిగి రావడం 1964లోనే మొదలైంది. మిల్లీ స్మాల్ అనే జమైకా అమ్మాయి పాడిన 'మై బాయ్ లాలీపాప్' అమెరికా చార్టులో రెండో స్థానానికి వెళ్లింది. అది కూడా 1956 నాటి అమెరికన్ పాటే. 1969లో డెస్మండ్ డెక్కర్ 'ఇజ్రాయెలైట్స్' అమెరికా టాప్ టెన్‌లోకి వచ్చింది. కానీ అప్పటికి ఇవన్నీ జనానికి వింత పాటలే, ఒకసారి విని వదిలేసేవి.

1972 నుంచి 1974 దాకా ఆ మూడేళ్లే అసలు మలుపు. ఇక్కడ కాస్త ఆగుతాను.

టెక్సాస్‌లోని హ్యూస్టన్ వాడు జానీ నాష్. నల్లజాతి అమెరికన్ గాయకుడు. 1960లలోనే జమైకా వెళ్లి రికార్డ్ చేశాడు, ఇంకా ఎవరికీ తెలియని మార్లీ చేత పాటలు రాయించుకున్నాడు. 1972లో అతని 'ఐ కెన్ సీ క్లియర్లీ నౌ' నాలుగు వారాలు నంబర్ వన్. మరుసటి ఏడాది మార్లీ రాసిన 'స్టిర్ ఇట్ అప్' కూడా నాష్ గొంతులోనే అమెరికా రేడియోకి ఎక్కింది. ఇంత చేసినవాడి పేరు ఇప్పుడు ఈ చర్చల్లో ఎక్కడా రాదు, అది నాకు బాధగానే ఉంటుంది.

అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ కథ మా డ్రమ్మర్ కథ లాంటిదే, స్థాయి వేరు. సైమన్ అండ్ గార్ఫంకెల్ 1970 ఆల్బంలో ఒక పాటకి జమైకా ఊపు తెద్దామని చూశాడు, కుదరలేదు. ఈసారి ఆ ఊపు తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్దామని నేరుగా కింగ్‌స్టన్ వెళ్లి, డైనమిక్ సౌండ్స్ స్టూడియోలో, జమైకా గాయకుడు జిమ్మీ క్లిఫ్ వెనక వాయించే మనుషులతో 'మదర్ అండ్ చైల్డ్ రీయూనియన్' రికార్డ్ చేశాడు. హక్స్ బ్రౌన్ గిటార్, జాకీ జాక్సన్ బేస్, విన్‌స్టన్ గ్రెనన్ డ్రమ్స్. 1972లో అమెరికాలో నాలుగో స్థానం. ఆ టైటిల్ ఏదో తత్వం అనుకుంటారు చాలామంది. ఒక చైనీస్ హోటల్ మెనూలో కోడి, గుడ్డు కలిపి చేసిన వంటకం పేరది. పాట మాత్రం చావు గురించి.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ 1973 నాటి వైలర్స్ ఆల్బం 'క్యాచ్ ఎ ఫైర్'. ఐలాండ్ రికార్డ్స్ యజమాని క్రిస్ బ్లాక్‌వెల్‌కి ఈ రికార్డు రాక్ వినేవాళ్ల చేత కొనిపించాలని ఆశ. జమైకాలో చేసిన టేపులు లండన్ తెచ్చి, వాటి మీద వేరేవాళ్ల చేత వాయింపులు కలిపించాడు. అలా పిలిచినవాళ్లలో ఒకడు వేన్ పెర్కిన్స్. అలబామా కుర్రాడు, అక్కడి మజిల్ షోల్స్ ఊరి స్టూడియోల్లో తేలినవాడు, రెగే ముఖం చూసి ఎరగడు. 'కాంక్రీట్ జంగిల్'లో వచ్చే గిటార్ సోలో అతనిదే. చాలామంది అది ఏ జమైకా గిటారిస్టో అనుకుంటారు. ఒక్కసారి తెలిశాక మాత్రం ఆ సోలోలో అలబామా వినబడుతూనే ఉంటుంది. అంటే అమెరికన్ చెవికి రెగే చేరిన మొదటి పెద్ద ఆల్బంలోనే అమెరికన్ రాక్ కలిసిపోయి ఉంది. దీన్ని కల్తీ అనేవాళ్లున్నారు. నేను అనను. కింద బారెట్ అన్నదమ్ములు ఒక్క అంగుళం కూడా కదల్లేదు కాబట్టి పైన ఎవరేం వాయించినా అది రెగేనే.

అదే ఏడాది జూలైలో న్యూయార్క్ మ్యాక్సెస్ కాన్సాస్ సిటీ క్లబ్బులో వైలర్స్, ఇంకా పెద్దగా పేరు రాని బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఒకే వేదిక పంచుకున్నారు. తర్వాత రోజుల్లో స్ప్రింగ్‌స్టీన్ జిమ్మీ క్లిఫ్ పాట 'ట్రాప్డ్' తన కచేరీల్లో పాడుతూ వచ్చాడు. ఆ రికార్డింగ్ 1985లో 'వి ఆర్ ద వరల్డ్' ఆల్బంలో కూడా ఉంది. క్లిఫ్ హీరోగా నటించిన 'ద హార్డర్ దే కమ్' సినిమా పని కూడా చిన్నది కాదు. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఆర్సన్ వెల్స్ సినిమా హాల్లో అర్ధరాత్రి ఆటలుగా ఏళ్ల తరబడి ఆడింది. చుట్టూ కాలేజీలే. ఆ కుర్రాళ్లే తర్వాత బ్యాండ్‌లు కట్టారు, రేడియోల్లో పనిచేశారు.

ఇక ఎరిక్ క్లాప్టన్. మనిషి ఇంగ్లీషువాడే గానీ 'ఐ షాట్ ద షెరిఫ్' రికార్డ్ చేసింది మయామిలోని క్రైటీరియా స్టూడియోలో, ఎక్కువమంది అమెరికన్లున్న బ్యాండ్‌తో. గిటారిస్టు జార్జ్ టెరీ ఆ పాట పరిచయం చేశాడు. ఆల్బంలో పెట్టడానికి క్లాప్టన్ మొదట తటపటాయించాడు. 1974 సెప్టెంబరులో అమెరికాలో నంబర్ వన్ అయింది. నిజం చెప్పాలంటే నాకు ఆ రికార్డు అంతగా ఎక్కదు. వైలర్స్ పాటలో ఉన్న కోపం అంతా ఇస్త్రీ అయిపోయింది. డ్రమ్స్ జాగ్రత్తగా, తప్పు చేయకూడదన్నట్టు ఉంటాయి. కానీ మార్లీ అనే పేరు అమెరికాలో లక్షల ఇళ్లకు చేరింది ఆ రికార్డు లేబుల్ మీద పాట రాసినవాడిగానే. ఆ మేలు కాదనలేం.

ఒక చిక్కు ప్రశ్న మిగిలిపోయింది. ఇదంతా తెల్లవాళ్ల కాలేజీ జనం దగ్గరే ఎక్కువ ఆడింది. నల్లజాతి అమెరికన్ల రేడియో రెగేని చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు. 1973 అక్టోబరులో స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ అనే అమెరికన్ ఫంక్ బ్యాండ్ టూర్‌లో ముందు వాయించడానికి వెళ్లిన వైలర్స్‌ని కొన్ని షోలకే పంపించేశారు. మార్లీకి ఇది చివరిదాకా మనసులో ఉంది. 1980 సెప్టెంబరులో, అంత పెద్ద పేరు వచ్చాక కూడా, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నల్లజాతి అమెరికన్ బ్యాండ్ కమడోర్స్‌కి ముందు వాయించడానికి ఒప్పుకున్నది ఆ శ్రోతల కోసమే. ఆ రోజుల్లోనే సెంట్రల్ పార్క్‌లో పరిగెడుతూ కుప్పకూలాడు. పిట్స్‌బర్గ్‌లో చివరి కచేరీ చేసి, 1981 మే 11న మయామిలో కన్నుమూశాడు, 36 ఏళ్లకి. ఆ గోడను బద్దలుకొట్టినవాళ్లలో స్టీవీ వండర్‌ది పెద్ద చెయ్యి. 1980లో వచ్చిన 'మాస్టర్ బ్లాస్టర్' మార్లీకి నివాళి, అది ఆర్ అండ్ బి చార్టులో నంబర్ వన్ అయింది. అది నకలు కాదు. జాజ్ కార్డ్‌లు తెలిసినవాడు రెగే బేస్ మీద ఇల్లు కట్టుకున్నట్టుంటుంది.

పంక్ (మొరటుగా, వేగంగా వాయించే రాక్) వైపు సంగతి మీకు ఇంకా నచ్చుతుందేమో. వాషింగ్టన్ డి.సి.లో బ్యాడ్ బ్రెయిన్స్ అని నల్లజాతి కుర్రాళ్ల బ్యాండ్. పిడుగులా పోయే హార్డ్‌కోర్ (పంక్‌లో మరీ వేగమైన రకం) పాటల మధ్యలో హఠాత్తుగా నెమ్మదైన రెగే పాట పెట్టేవారు, రెండూ ఒకే మనుషులు వాయిస్తున్నారంటే నమ్మబుద్ధి కాదు. న్యూయార్క్‌లో ప్యాటీ స్మిత్ 1975లోనే 'రెడోండో బీచ్' చేసింది. బ్లాండీ 1980 చివర్లో తెచ్చిన 'ద టైడ్ ఈజ్ హై' నంబర్ వన్ అయింది. అది జమైకాలో 1967 నాటి పారగాన్స్ పాట, రాసింది జాన్ హోల్ట్. పోలీస్ అనే లండన్ బ్యాండ్‌లో డ్రమ్మర్ స్టూవర్ట్ కోప్‌లాండ్ అమెరికన్, ఒకటి దగ్గర మౌనంగా ఉండటం తెలిసిన రాక్ డ్రమ్మర్ ఎవరంటే నేను ముందు చెప్పే పేరు. తర్వాత 1990లలో దక్షిణ కాలిఫోర్నియా: నో డౌట్, సబ్‌లైమ్, ఆ గుంపు. సబ్‌లైమ్ నాకు ఇష్టమే గానీ వాళ్లను అనుకరించిన బీచ్ బ్యాండ్‌ల గురించి మాట్లాడకపోవడమే మంచిది.

'రెడ్ రెడ్ వైన్' ప్రయాణం కూడా సరదాగా ఉంటుంది. అమెరికన్ నీల్ డైమండ్ రాసి పాడుకున్న దిగులు పాట. 1969లో టోనీ ట్రైబ్ అనే జమైకా గాయకుడు దాన్ని రెగే చేశాడు. ఇంగ్లండ్ బ్యాండ్ యూబీ40 అది విని తమ పద్ధతిలో పాడింది, 1988లో అమెరికాలో నంబర్ వన్. ఆ తర్వాత నీల్ డైమండ్ తన కచేరీల్లో తన సొంత పాటనే రెగే ధోరణిలో పాడటం మొదలుపెట్టాడు!

ఇప్పుడు అన్నిటికన్నా పెద్దదని నేను అనుకునే ప్రభావం. ఆ షాపులో నేను కొన్న జమైకా సింగిల్ రికార్డులు చిన్నవి, మధ్యలో పెద్ద బొక్క, లేబుల్ ముద్ర వంకరటింకర. ఒకవైపు పాట. తిప్పితే రెండోవైపు లేబుల్ మీద పాట పేరు బదులు ఒక్క మాట ఉంటుంది: 'వెర్షన్'. అదే పాట, కానీ గొంతు తీసేసి ఉంటుంది. గాయకుడి మాట ఒక్కటి ఎక్కడో వచ్చి, ప్రతిధ్వనిలో కరిగిపోతుంది. గిటార్ కాసేపు మాయం. డ్రమ్స్, బేస్ మాత్రం నడుస్తుంటాయి. షాపు పెద్దాయన దగ్గర స్పీకరు కొట్టంత పెద్దది, ఈ రెండోవైపు పెట్టినప్పుడు కౌంటర్ మీద చిల్లర డబ్బులు అదిరేవి. కింగ్ టబ్బీ లాంటి ఇంజినీర్లు మిక్సింగ్ బల్లనే వాయిద్యంలా వాడి చేసినవి ఇవి, దీన్నే 'డబ్' అంటారు. డాన్సుల్లో ఆ ఖాళీ రికార్డు మీద యు-రాయ్ లాంటి డీజేలు మైకు పట్టుకుని మాటల దరువు అందుకునేవారు.

క్లైవ్ క్యాంప్‌బెల్ కింగ్‌స్టన్‌లో పుట్టి, 1967లో కుటుంబంతో న్యూయార్క్ బ్రాంక్స్‌కి వచ్చిన కుర్రాడు. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు బిల్డింగులో చెల్లెలు పెట్టిన పార్టీకి రికార్డులు వేశాడు. అతనే డీజే కూల్ హెర్క్. హిప్‌హాప్ పుట్టినరోజుగా లోకం చెప్పుకునే తేదీ అది. పెద్ద స్పీకర్లు, బరువైన బేస్, మైకులో ఎకో, అన్నీ సౌండ్ సిస్టమ్ పద్ధతే. ర్యాప్ మొత్తం జమైకా నుంచే ఊడిపడిందని మాత్రం అనకండి. హెర్క్ వాయించింది జేమ్స్ బ్రౌన్ లాంటి ఫంక్ రికార్డులు, రెగే వేస్తే బ్రాంక్స్ జనం కదల్లేదు. మాటల దరువు సంప్రదాయం నల్లజాతి అమెరికన్లకు సొంతంగానూ ఉంది. కానీ పూర్తయిన పాటను మళ్లీ విప్పి, గొంతు పక్కన పెట్టి, బేస్‌ని ముందుకు తెచ్చి ఇంకో పాటగా అమ్మవచ్చు అన్న ఆలోచన? దాన్ని రోజువారీ వ్యాపారంగా ముందు నడిపింది కింగ్‌స్టన్ స్టూడియోలే. ఇప్పుడు మీ ఫోన్‌లో ఉన్న ప్రతి రీమిక్స్‌కీ ఆ బాకీ ఉంది.

మీ బ్యాండ్ సంగతి. క్లాప్టన్‌తో మొదలుపెట్టకండి, 'స్టిర్ ఇట్ అప్' తీసుకోండి. నాష్‌ది, వైలర్స్‌ది రెండూ వరసగా వినండి, ఒకే పాట ఇద్దరి చేతిలో ఎలా మారిందో తెలుస్తుంది. ఎ, డి, ఇ, అంతే కార్డ్‌లు. గిటారిస్టుకి డిస్టార్షన్ పెడల్ ఇవ్వకండి, ఎడమచేతి వేళ్ల నొక్కుడు ప్రతి 'చక్' తర్వాత వెంటనే వదులు చేయమనండి, వేళ్లు మాత్రం తీగల మీదే ఉండాలి. డ్రమ్మర్‌కి పైన చెప్పిన కాలు చిట్కా. బేస్ వాయించేవాడికి టోన్ నాబ్ పూర్తిగా తగ్గించేయమనండి, వేళ్లతోనే వాయించమనండి, పిక్ వద్దు. వేగం పెంచాలన్న దురద అందరికీ పుడుతుంది, మెట్రోనోమ్ పెట్టుకోండి. ఇంకొకటి, ఇవేవీ ఫోన్ స్పీకర్‌లో వినొద్దు. బేస్ అందులో పలకదు, బేస్ లేకపోతే "ఇందులో నాకేం కనబడలేదు" అని మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు.